విశ్వకిరణముల జాడ వెదకిన ఆర్థర్ హోలీ కాంప్టన్ గారు

ఈ సంచికను చేత పట్టుకొని మీరు చదువుచున్న ఈ వేళలోనే, మీ అరచేతి గుండా సూక్ష్మమైన కణములు సుమారు సెకనుకొకటి చొప్పున దూసుకొనిపోవుచున్నవి. గుడి పైకప్పు వాటికి అడ్డము కాదు. అవి మనకు నొప్పి కలిగించవు, కంటికి కనబడవు. ఆకాశపు లోతులనుండి వచ్చే విశ్వకిరణములు మన గాలిపొరను తాకినప్పుడు పుట్టే పిల్ల కణములవి. ఆ విశ్వకిరణములు వెలుతురు జాతివా, లేక విద్యుదావేశము గల కణములా అన్న ప్రశ్నకు భూగోళమంతా తిరిగి జవాబు తెచ్చిన మనిషి ఒక పాదిరిగారి కుమారుడు. మిషనెరీల చరిత్రల నడుమ ఈ భౌతికశాస్త్రవేత్త ఎందుకని ఎవరైనా అడుగవచ్చును. వేదాంత కళాశాలలో చదువుకొన్న రోజులలో గ్రంథాలయములో ఆయన పేరు మొదటిసారి చూశాను. అప్పటినుండి ఆయన జీవితములోని రెండు ఘట్టములు నన్ను విడువలేదు. మొదటిది నాకు ధైర్యమిచ్చినది. రెండవది నేటికీ కలవరపెట్టుచున్నది.

కాంప్టన్ గారు 1892 సెప్టెంబరు 10వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో ఊస్టర్ అనే చిన్న పట్టణములో జన్మించారు. తండ్రి ఎలియాస్ గారు ప్రెస్బిటేరియన్ సంఘపు బోధకులు, ఊస్టర్ కళాశాలలో తత్వశాస్త్ర ఆచార్యులు, డీను. తల్లి ఒటీలియా గారి పుట్టింటివారు మెన్నొనైటులు. మహబూబ్‌నగర్ ప్రాంతములో మెన్నొనైట్ బ్రదరన్ సంఘములను ఎరిగిన మనవారికి వీరిని గూర్చి చెప్పనక్కరలేదు. ఆయుధము పట్టరాదన్నది ఆ సంఘముల పూర్వపు నియమము. ఈ సంగతి పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. కడపట దానితో పని ఉన్నది.

ఆ ఇంటి పిల్లలు అందరూ పైకి వచ్చినవారే. పెద్దన్న కార్ల్ గారు మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు అధ్యక్షులైనారు. ఇంకొక అన్న విల్సన్ గారు కూడా ఒక విశ్వవిద్యాలయమునకు అధ్యక్షులైనారు. అక్క మేరీ గారు రైస్ అనే మిషనెరీని వివాహమాడి మన దేశమునకు వచ్చారు. ఆ రైస్ దొరగారు తరువాత లాహోరులోని ఫోర్మన్ క్రైస్తవ కళాశాలకు ప్రిన్సిపాలైనారు. కడసారి బిడ్డ ఆర్థర్ గారికి చిన్ననాటినుండి ఆకాశము మీదనే చూపు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు దానికి ఫోటో తీశారు. ఆ యౌవనములోనే తన చేతులతో గ్లైడరు విమానము కట్టి అందులో ఎగిరారు. ఏ తల్లికి గుండె ఆగిపోదు!

సువార్త సేవలో ప్రవేశించవలెనా, శాస్త్రము చదువవలెనా అని ఆయన కొంతకాలము తర్జనభర్జన పడ్డారు. నీకు దేవుడిచ్చిన తలాంతు శాస్త్రమందున్నది, అందులో నీవు చేయు సేవ బోధకుని సేవకు తీసిపోదు అన్న అర్థము వచ్చేలా తండ్రిగారు ఆయనకు సలహా ఇచ్చారు. కుమారుడు బోధకుడు కాకపోతే ఎక్కడ పరువు పోతుందోనని బాధపడే పాదిరులను నేను ఎరుగుదును. ఎలియాస్ గారు అటువంటివారు కారు.

1916లో ప్రిన్స్‌టన్‌లో డాక్టరేటు, ఆ ఏడే బెట్టీ గారితో వివాహము, కొంతకాలము బల్బుల కంపెనీలో ఉద్యోగము, ఒక సంవత్సరము ఇంగ్లాండులో కేంబ్రిడ్జి ప్రయోగశాలలో పరిశోధన – వీటిని వేగముగా దాటిపోవుచున్నాను. సెయింట్ లూయీ నగరములో ఉండగా 1922 చివరలో ఆయనకు గొప్ప పేరు తెచ్చిన సంగతి కనిపెట్టారు. ఎక్స్ కిరణములు ఎలక్ట్రానులను తాకి చెదరినప్పుడు వాటి శక్తి కొంత తగ్గుచున్నది. గోళీలాటలో ఒక గోళీ మరొక గోళీని కొట్టి తన వేగములో కొంత దానికిచ్చినట్లుగా కాంతి ప్రవర్తించుచున్నదని ఆయన లెక్క కట్టి చూపారు. దీనికి 1927లో నోబెల్ బహుమానము వచ్చినది. అప్పటికి ఆయన వయస్సు 35 ఏండ్లు.

బహుమానము రాకముందు, 1926-27లో, ఆయన లాహోరులోని పంజాబు విశ్వవిద్యాలయములో పనిచేశారు. మన దేశముతో ఆయనకు ఏర్పడిన బంధము తరువాతి కాలములో కూడ తెగలేదు. ఫోర్మన్ కళాశాలలో భౌతికశాస్త్రము బోధించుచున్న బెనడే గారు విశ్వకిరణముల కొలతలలో ఆయనకు తోడుపడ్డారు. పియారా సింగ్ గిల్ గారు షికాగోలో కాంప్టన్ గారి వద్ద డాక్టరేటు చేసి, తిరిగి వచ్చి మన దేశములో విశ్వకిరణ పరిశోధనను పెంచారు.

ఇక అసలు సంగతికి వస్తాను. 1912 ఆగస్టు 7వ తేదీన ఆస్ట్రియా దేశస్థుడు విక్టర్ హెస్ గారు బెలూనులో ఐదు వేల మీటర్లకు పైగా ఎక్కి, పైకి పోయినకొలది గాలిలో విద్యుత్కణములు హెచ్చుచున్నవని కొలిచారు. నేలలోని రేడియో ధార్మిక పదార్థమే దానికి కారణమైతే పైకి పోయినకొలది అది తగ్గవలెను గదా! కనుక ఏదో కిరణము పైనుండే వచ్చుచున్నదని తేలినది. అమెరికాలో రాబర్ట్ మిలికన్ గారు సరస్సుల లోతులలోనూ కొండల మీదను కొలిచి, దీనికి కాస్మిక్ కిరణములని పేరు పెట్టారు. మిలికన్ గారు కూడ నోబెల్ బహుమాన గ్రహీతలే. ఆయన కూడ బోధకుని కుమారుడే.

మిలికన్ గారి అభిప్రాయములో ఈ కిరణములు వెలుతురు జాతివి. ఎక్స్ కిరణములకన్న, గామా కిరణములకన్న బలమైనవి. అంతటితో ఆగలేదు. నక్షత్రముల నడుమ ఖాళీలో హైడ్రోజను పరమాణువులు కలిసి బరువైన పరమాణువులుగా తయారగుచున్నవనియు, ఒక్కొక్క పరమాణువు పుట్టినప్పుడు వెలువడే శక్తియే ఈ కిరణములనియు ఆయన ప్రతిపాదించారు. అదే నిజమైతే విశ్వము కుమ్మరి పొయ్యివలె చల్లారిపోవుచున్నది కాదు. సృష్టికర్త నేటికీ పనిచేయుచున్నాడు. పత్రికలు ఈ మాటను చేతులు చాచి అందుకొన్నవి. ఎందరో బోధకులు ప్రసంగములలో వాడుకొన్నారు. నేను ఆ కాలములో ఉండియుంటే నేను కూడ వాడుకొనేవాడినే.

అయితే తీర్పు చెప్పడానికి ఒక పరీక్ష ఉన్నది. భూమి ఒక పెద్ద అయస్కాంతము. దిక్సూచి ముల్లు ఉత్తరము చూపడానికి కారణమదే. అయస్కాంత రేఖలు భూమధ్య ప్రాంతమున నేలకు సమాంతరముగా దక్షిణమునుండి ఉత్తరమునకు పరచుకొని ఉండును. ధ్రువముల దగ్గర నిలువుగా నేలలోనికి దిగును. విద్యుదావేశము గల కణము ఈ రేఖల వెంట పోవునప్పుడు అడ్డు లేదు. రేఖలకు అడ్డముగా పోవునప్పుడు వంగిపోవును. దున్నిన చేనిలో చాళ్ళ వెంట నడిచేవానికి సుఖము. చాళ్ళకు అడ్డముగా బండి తోలేవానికి కష్టము. విశ్వకిరణములు కణములే అయితే ధ్రువముల దగ్గర ఎక్కువగాను, భూమధ్యరేఖ దగ్గర తక్కువగాను దిగవలెను. వెలుతురుకు అయస్కాంతముతో పని లేదు గనుక, అవి వెలుతురే అయితే అంతటా ఒకే లెక్క రావలెను. డచ్చి శాస్త్రజ్ఞుడు క్లే గారు 1927లో జావానుండి హాలండుకు ఓడలో పోవుచు, భూమధ్యరేఖ దగ్గర తగ్గుదలను చూశారు. ఆ మాటను చాలమంది నమ్మలేదు. మిలికన్ గారి పేరు అంత పెద్దది.

కాంప్టన్ గారు వాదనకు దిగలేదు. కొలతకు దిగారు. ఆయన పరికరము పది సెంటీమీటర్ల వ్యాసము గల ఉక్కు గుండు. అందులో ఆర్గాను వాయువును 30 రెట్ల వాయుపీడనముతో కుక్కారు. చుట్టుప్రక్కల నేలనుండి వచ్చే కిరణములు జొరబడకుండ కంచు, సీసపు తొడుగులు వేశారు. ఇటువంటి పరికరములే వేర్వేరు బృందములకు ఇచ్చి లోకము నలుమూలలకు పంపారు. తానుకూడ 1932లో భార్యను, కుమారుని వెంటబెట్టుకొని హవాయి, న్యూజీలాండు, ఆస్ట్రేలియా, పెరూ, పనామా, మెక్సికో మీదుగా ఉత్తర కెనడా మంచు ప్రాంతముల వరకు పోయారు. సీసపు తొడుగులతో ఆ బరువును ఓడలలోనికి, రైళ్ళలోనికి, కొండలమీదికి ఎక్కించి దింపడమంటే ఏమో, హార్మోనియము పెట్టె నెత్తిన పెట్టుకొని పల్లె సంఘములకు తిరిగినవారు కొంతైనా ఊహించగలరు.

ఆ పనికి ఇద్దరు ప్రాణములు పెట్టారు. అలాస్కాలోని మెకిన్లీ పర్వతము మీద కొలతలు తీయుటకు అలెన్ కార్పే, థియోడోర్ కోవెన్ అనే ఇద్దరు 1932 మే నెలలో మంచునదిమీద విడిది చేశారు. మంచు పగుళ్ళ మధ్య ఇద్దరూ మరణించారు. కోవెన్ గారి దేహము దొరికినది, కార్పే గారి దేహము దొరకలేదు. మనము పుస్తకములలో ఒక పంక్తిలో చదివి దాటిపోయే అంకె వెనుక ఏమున్నదో చాలసార్లు ఎరుగము.

మొత్తము 69 స్థలములలోని కొలతలు షికాగోకు చేరినవి. సముద్రమట్టమున ఉత్తర దక్షిణ ప్రాంతములలో కిరణముల బలము భూమధ్య ప్రాంతముకన్న సుమారు 14 శాతము హెచ్చు. రెండు వేల మీటర్ల ఎత్తున 22 శాతము హెచ్చు. నాలుగు వేల మీటర్లు దాటిన ఎత్తున 33 శాతము హెచ్చు. మరి ముఖ్యమైన సంగతి, ఈ తేడా పటములోని అక్షాంశమునకన్న భూమి అయస్కాంతపు అక్షాంశమునకే బాగుగా సరిపోయినది. వాతావరణము వలననో చలి వలననో వచ్చిన తేడా కాదనుటకు అది గట్టి సాక్ష్యము. కనుక ఈ కిరణములలో అధిక భాగము విద్యుదావేశము గల కణములే.

1932 డిసెంబరు చివరలో అట్లాంటిక్ సిటీలో జరిగిన శాస్త్రజ్ఞుల మహాసభలో ఇద్దరు నోబెల్ గ్రహీతలు ఎదురుబొదురుగా నిలిచారు. వారి వివాదము న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీకి ఎక్కినది. మిలికన్ గారు నొచ్చుకొన్నారు, మాట కటువైనది. మరుసటి సంవత్సరమునకు అక్షాంశపు తేడా ఉన్నమాట నిజమేనని ఆయన కూడ ఒప్పుకొన్నారు, గాని తన సిద్ధాంతమును అంత తేలికగా వదులుకోలేదు. ఇద్దరూ విశ్వాసులే. ఒకరు దేవుడు ఎట్లు పనిచేయుచున్నాడో ముందే మనస్సులో నిర్ణయించుకొని కిరణములను వినబోయారు. ఇంకొకరు ముల్లు చూపిన అంకెను వ్రాసుకొన్నారు. కాంప్టన్ గారికి కూడ దేవుని సృష్టికార్యముపై విశ్వాసమున్నది. ఆ విశ్వాసమును నిలబెట్టుటకు విశ్వకిరణముల సాయము ఆయన అడుగలేదు. నాకు ధైర్యమిచ్చినదని పైన చెప్పిన ఘట్టమిదే.

ఆ కణముల ఆవేశము ధనమా, ఋణమా అన్నది కూడ త్వరలోనే తేలినది. భూమి అయస్కాంతములో కణములు పోయే వంకర దారులను బెల్జియము దేశపు కాథలిక్ గురువు లెమెయిత్ర్ గారును మెక్సికో శాస్త్రజ్ఞుడు వయార్తా గారును 1933లో లెక్కించారు. ధనావేశమైతే పడమటినుండి ఎక్కువ రావలెను. కాంప్టన్ గారు తన విద్యార్థి లూయీ ఆల్వరెజ్‌ను మెక్సికో నగరమునకు పంపారు. ఆ పడుచువాడు ఒక హోటలు మిద్దెమీద పరికరమును ఒకసారి తూర్పుకు, ఒకసారి పడమరకు త్రిప్పి లెక్కపెట్టినాడు. పడమటి వైపే ఎక్కువ. వ్యాసము అచ్చువేయునప్పుడు గురువుగారు శిష్యుని పేరు మొదట పెట్టి తన పేరు రెండవదిగా పెట్టారు. ఆ శిష్యుడు 1968లో నోబెల్ బహుమానము పొందాడు.

ఈనాడు మనకు ఇంకా తెలుసు. విశ్వకిరణములలో నూటికి తొంబదివరకు ప్రోటానులు, అనగా హైడ్రోజను పరమాణు గర్భములు. మిగిలినవి ఎక్కువగా హీలియము. బ్రహ్మాండమైన నక్షత్రము పేలినప్పుడు బయలుదేరే తాకిడి అలలో ఇవి వేగము పుంజుకొనును. నక్షత్రముల నడుమ నున్నది వట్టి ఖాళీ కాదు. విద్యుదావేశము గల పలుచని వాయువు ఉన్నది, దానిని ప్లాస్మా అందురు. ఆ ప్లాస్మా గోదావరి వరద నీటివలె సుడులు తిరుగుచు, తనతో కూడ అయస్కాంత రేఖలను చిక్కుపరచును. అలలో చిక్కిన కణము ఇటు అటు త్రోయబడి ప్రతిమారు కొంత శక్తి పొందును. ఈ త్రోపులాట ఆలోచనకు మొదటి రూపమిచ్చినది 1949లో ఎన్రికో ఫెర్మీ గారు. పేలిన నక్షత్రపు శకలములలో ప్రోటానులు నిజముగా వేగము పొందుచున్నవనుటకు ఆయన పేరు పెట్టిన ఉపగ్రహమే 2013లో సాక్ష్యము చూపినది. అయినను మిక్కిలి బలమైన కిరణములకు పుట్టినిల్లు ఏదో ఇంకా తేలలేదు.

తేలకపోవడానికి కారణము మళ్ళీ అయస్కాంతమే. మన పాలపుంతలోని అయస్కాంత క్షేత్రము భూమి క్షేత్రములో సుమారు లక్షవ వంతు మాత్రమే. కాని దాని విస్తారము అంతులేనిది. ఆ సుడులలో పడి దారి తప్పిన కణము కోటి సంవత్సరములకు పైగా తిరిగి తిరిగి మన యొద్దకు వచ్చును. వచ్చిన దిక్కు చూచి బయలుదేరిన చోటు చెప్పలేము. ఇంతకాలమని ఎట్లు తెలిసెనందురా? ఆ కిరణములలో బెరీలియము-10 అనే, మెల్లమెల్లగా క్షయించే పరమాణువులున్నవి. ఎన్ని మిగిలెనో చూచి గడియారమువలె కాలము కట్టుదురు.

కాంప్టన్ గారు కొలిచిన ఆ భూమి అయస్కాంతపు అడ్డే మన హైదరాబాదుకు ఒక వరమైనది. మనము అయస్కాంత భూమధ్యరేఖకు చేరువలో నున్నాము గనుక బలహీనమైన కిరణములు ఇచ్చట దిగలేవు. పరికరములకు అనవసరపు రొద తక్కువ. 1969నుండి టాటా పరిశోధన సంస్థవారు హైదరాబాదులో నడిపిన బెలూను కేంద్రమునకు ఈ చోటు అనుకూలమగుటకు ఇదొక ముఖ్య కారణము.

ఇక రెండవ ఘట్టము. 1941లో అణుశక్తిని ఆయుధముగా వాడుట సాధ్యమా అని పరిశీలించే సంఘమునకు కాంప్టన్ గారు అధ్యక్షులైనారు. 1942లో షికాగో అణు ప్రయోగశాల ఆయన చేతి క్రిందికి వచ్చినది. డిసెంబరు 2వ తేదీన ఫెర్మీ గారు ఆటమైదానపు మెట్ల క్రింద మొట్టమొదటి అణు రియాక్టరును నడిపినప్పుడు ఆయన అక్కడే నిలిచియున్నారు. జనసమ్మర్దము గల నగరము మధ్య ఆ ప్రయోగము చేయుటకు ఆయనే అనుమతించారు. విశ్వవిద్యాలయపు అధ్యక్షునికి ముందుగా చెప్పలేదు. చెప్పితే కాదనక తప్పదు గనుక.

1945 జూన్ నెలలో ఆయన ప్రయోగశాలలోని కొందరు శాస్త్రజ్ఞులు, ఫ్రాంక్ గారి నాయకత్వమున, హెచ్చరిక లేకుండ జపాను పట్టణముపై బాంబు వేయరాదని ప్రభుత్వమునకు విజ్ఞాపన వ్రాశారు. కాంప్టన్ గారు దానిని పైకి పంపారు. దానితో తన లేఖను కూడ పంపి, బాంబు వలన త్వరగా యుద్ధము ముగిసి నిలిచే ప్రాణముల సంగతి అందులో లేదని తెలియజేశారు. జూన్ 16వ తేదీన ఆపెన్‌హైమర్, ఫెర్మీ, లారెన్స్ గార్లతో కలిసి, యుద్ధమును ఆపగల ప్రదర్శన ఏదియు తమకు తోచలేదనియు, నేరుగా వాడుట తప్ప అంగీకరింపదగిన మార్గము కనబడలేదనియు అభిప్రాయమిచ్చారు. జూలైలో షికాగో శాస్త్రజ్ఞులు 150 మంది అభిప్రాయము సేకరించగా, నూటికి 46 మంది మొదట జపానులో ఒక సైనిక ప్రదర్శన చేసి, లొంగిపోవుటకు అవకాశమిచ్చి, ఆ తరువాతనే పూర్తిగా వాడుట మేలన్నారు. ఆగస్టు 6వ తేదీన హిరోషిమా, 9వ తేదీన నాగసాకి. నాగసాకిలో ఉరకామి దేవాలయము కూలినది. లోపల ఆ సమయమున పాపసంకీర్తనకు వచ్చిన విశ్వాసులున్నారు.

మెన్నొనైట్ తల్లి కడుపున పుట్టినవాడు ఆ కాగితముమీద చేవ్రాలు చేయుట ఎట్లని నేను చాలసార్లు తలపోశాను. కపటముతో చేయలేదు. కీర్తికోసము చేయలేదు. యుద్ధము సాగిన కొలది చచ్చేవారి లెక్కను ఒకవైపు, బాంబుతో చచ్చేవారి లెక్కను ఇంకొకవైపు పెట్టి తూచారు. 1956లో ప్రచురించిన తన జ్ఞాపకముల గ్రంథములో కూడ ఆ నిర్ణయమును సమర్థించుకొన్నారు. నేను ఆయనతో ఏకీభవించలేను. కాని అప్పుడు ఆయన చేతిలో ఉక్కు గుండు లేదు, 69 స్థలముల కొలతలు లేవు. విశ్వకిరణముల విషయములో తొందరపడని మనిషి, ఇక్కడ కొలువరానిదానిని కొలిచినట్లే తలంచారా అన్నది నా సందేహము.

1938నుండి 1947 వరకు క్రైస్తవులకును యూదులకును మైత్రి కలిగించే జాతీయ సంఘమునకు ఆయన ప్రొటెస్టెంట్ల పక్షమున సహాధ్యక్షులుగా ఉన్నారు. 1946లో సెయింట్ లూయీ నగరములోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు ఛాన్సలరైనారు. నల్లజాతి విద్యార్థులను అన్ని తరగతులలోనికి చేర్చుకొనుట అక్కడ 1952లో గాని పూర్తి కాలేదు. ఆ విషయములో ఆయన నిదానముగానే నడిచారని చెప్పక తప్పదు. 1953లో ఆ పదవి విడిచారు. 1962 మార్చి 15వ తేదీన కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, 69వ యేట, మెదడులో రక్తస్రావము వలన కన్నుమూశారు. దేహమును ఊస్టర్‌కు తెచ్చి అచ్చటి సమాధుల తోటలో ఉంచారు.

1991 ఏప్రిల్ 5వ తేదీన గామా కిరణములను చూచుటకు 17 టన్నుల ఉపగ్రహమొకటి ఆయన పేరున ఆకాశమునకు ఎక్కినది. విశ్వకిరణములు పాలపుంతలోని వాయువును తాకినప్పుడు పుట్టే వెలుగును అది తొమ్మిదేండ్లు చూచినది. దాని తిరుగుడు యంత్రములలో ఒకటి చెడిపోగా, జనులున్న చోట పడకుండ 2000 జూన్ 4వ తేదీన పసిఫిక్ మహాసముద్రములోనికి దానిని దింపివేశారు.